బల బేడ

నేను బీఏ పాసైన కబురు బీదరులో నాకంటే ముందు ఎవరికీ తెలియదు. ఎందుకంటే అందరికీ చెప్పింది నేనే. ఫలితాల కాగితం చేత్తో పట్టుకుని బజారు నుంచి ఇంటిదాకా సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వచ్చాను. ఎక్కితే తొందరగా ఇల్లొస్తుంది, దారిలో మనుషులు తప్పిపోతారు. టాంగా ఆయనకు చెప్పాను. క్షౌరం చేసే ఆయనకు చెప్పాను. పప్పుల దుకాణం కోమటాయనకు చెప్పాను.

"నిరుడు గూడ గిదే జెప్తివి గద!" అన్నాడాయన.

"నిరుడు ఫెయిలైన అని జెప్పిన సేట్!"

"గదే, గప్పుడు గూడ గింతే ఖుషీగ జెప్తివి."

నవ్వుకున్నాను. ఆ రోజు ఎవరేమన్నా నవ్వేవాణ్ణి. మా ఊరు నిర్ణాలో జొన్నచేను దున్నే మా నాయిన వేలిముద్ర వేసేవాడు. వాళ్ల నాయినా అంతే. పగలు గుమాస్తా పని చేసుకుంటూ, పొద్దున్నే లేచి చదువుకుంటూ, నలుగురు పిల్లల తండ్రినై, తల సగం నెరిశాక నేను బీఏ అయ్యాను. మా వంశంలో మొదటివాణ్ణి. సంతోషపడటం తప్పా?

తప్పే. ఆ సంతోషం మీద నాకిప్పటికీ కోపం. అది నా పెద్ద కూతురికి ఏం చేసిందో చెప్తాను.

అప్పుడు మా పెద్దపిల్లకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఆడపిల్లల హైస్కూల్లో కన్నడంలో చదివేది. నేను చదివిందేమో ఉర్దూలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా ప్రాంతం మైసూరు రాష్ట్రంలో కలిశాక ఆఫీసులో కన్నడ పరీక్ష పెట్టారు. బట్టీపట్టి గట్టెక్కాను. 'ఈ మూలక తిళిసువుదేనెందరె' అని మొదలయ్యే సర్కారీ ఉత్తరం ఇస్తే గడగడా చదివేస్తాను. వీధిలో మాట్లాడే కన్నడం మాత్రం నా చెవికి ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరం రాలేదు. బీదరులో ఎవరికైనా దారి చెప్పాలంటే అందరం సీదే హాత్, ఉల్టే హాత్ అనే అనేవాళ్లం. సీదే హాత్ అంటే కుడి, ఉల్టే హాత్ అంటే ఎడమ. ఆ రెండు మాటలతో నా బతుకంతా గడిచిపోయింది.

రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలోనే ధార్వాడ వైపు నుంచి ఒక డ్రిల్లు టీచరమ్మ ఆ బడికి బదిలీ మీద వచ్చింది. ఆమె వెంట సాఫ్ట్‌బాల్ అనే ఆట వచ్చింది. గుండ్రటి కట్టెతో ఒక పిల్ల నిలబడుతుంది. ఎదురుగా ఇంకో పిల్ల చేతిని బావి గిలకలా ఒక చుట్టు తిప్పి, నడుము కింది నుంచి బంతిని వదులుతుంది. ఎంత జోరుగా వదిలితే అంత గొప్ప. బత్తాయంత బంతి. మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది.

"దీని పేరేంది?"

"మెత్తబంతి అమ్మా."

"గిది మెత్తదా? నెత్తికి తగిల్తె పిండం బెట్టుడే!"

మా పిల్లది పుర్రచెయ్యి. అంటే ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు మా అమ్మ దాని ఎడమ చేతికి గుడ్డ చుట్టి కట్టేసేది. "పుర్రచేత్తోని ఇస్తె తీసుకునేటోడు దోస్తీ ఇడుస్తడు, అన్నం బెడ్తె దేవుడు ఇడుస్తడు" అనేది. నేను చూస్తూ ఊరుకున్నాను. అలా కుడిచేత్తో తినడం, కుడిచేత్తో రాయడం నేర్చుకుంది. రాళ్లు విసరడం మాత్రం ఎవరూ నేర్పలేదు గనక అది దాని చేతికే మిగిలింది. బడి వెనక చింతచెట్టుకు ఏ కాయ కావాలంటే ఆ కాయనే ఎడమచేత్తో రాలగొట్టేది. డ్రిల్లు టీచరమ్మ కంట్లో పడింది అక్కడే. అయితే మైదానంలోకి తీసుకెళ్లి బంతి చేతికిస్తే మా పిల్ల భయపడి కుడిచేత్తో వేసింది. పెద్దల ముందర పుర్రచెయ్యి ఎత్తకూడదని కదా మా ఇంటి నేర్పు.

అయినా దాని మనసు ఆ ఆట మీద పడింది. జిల్లా జట్టులో బంతి వేసే పిల్ల కావాలి, జట్టుతో గుల్బర్గా పోవాలి. వేరే ధ్యాస లేదు. చెల్లెళ్లకు జడలు వేస్తూ వేస్తూ మధ్యలో చెయ్యి గిర్రున తిప్పేది. దాని వయసు పిల్లలకు ఆ జట్టులో అదే ఆఖరు ఏడు. ఈసారి పోతే మళ్లీ లేదు.

టీచరమ్మను రెండు నెలల శిక్షణకు బెంగుళూరు పిలిచారు. పోయేముందు హాజరు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద మా ఇంటికి ఒక చీటీ రాసి పిల్ల చేతికిచ్చింది. దాంట్లో మూడే ముక్కలు.

'బల బేడ. ఎడదింద. దిన నూరు.'

నేను బీఏ పాసై అప్పటికి వారం. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చదివాను.

"బల బేడ. అంటె బలం వద్దు. ఎడదింద. ఎడంగ, అంటె దూరంకెల్లి. దిన నూరు. దినాం నూరు ఎయ్యాలె. అయిపాయె! దీంట్ల ఏమున్నది?"

"నాయినా, బల అంటె..." అంది పిల్ల.

"బల అంటె బలం. సంస్కృతం. కన్నడంల గదే, మన దాంట్ల గదే."

"కాదు నాయినా, మా బడిల..."

"నువ్వేం జదువుతున్నవ్?"

"ఎనిమిది."

"నేనేం జదివిన?"

"బీఏ."

"ఇగ?"

 పిల్ల లేచి చెల్లెళ్ల జడలు వేయడానికి పోయింది. పొయ్యి దగ్గర రొట్టె తడుతున్న మా ఆవిడ చెయ్యి ఒక క్షణం ఆగింది. మళ్లీ తట్టడం మొదలైంది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. చూశారా, పేరే మెత్తబంతి. మెత్తబంతిని మెత్తగా కాక ఎలా వేస్తారు? టీచరమ్మ రాసింది ఎంత సబబుగా ఉంది!

మా ఇంటి వెనక పాత కోటగోడ దాకా ఖాళీ జాగా ఉండేది. రోజూ ఆఫీసు నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా అక్కడికి తీసుకుపోయేవాణ్ణి. నేను గోడ దగ్గర. అది అరవై అడుగులు ఎడంగా. మొదటి రోజు బంతిని ఎడమచేతిలోకి తీసుకుంది. అరుగు మీద మా అమ్మ కూర్చుని ఉంది. "సీదా చెయ్యి!" అని నేనే అరిచాను. కుడిచేతిలోకి మార్చుకుంది.

"మెల్లగ బిడ్డా, మెల్లగ. దీపం ఆరకుంట తెచ్చినట్టు!"

అది మెల్లగా వేసేది. బంతి సగం దూరం వచ్చి నేల మీద పడి, దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చేది. నూరు లెక్కకు జేబులో చింతగింజలు వేసుకునేవాణ్ణి. ఒక బంతికి ఒక గింజ కింద పడేసేవాణ్ణి. ఒక్కరోజు తప్పలేదు. వానపడ్డ రోజు గొడుగు పట్టుకుని నిలబడ్డాను. నా అంత శ్రద్ధగా కూతురిని చూసుకునే తండ్రి బీదరులో ఉన్నాడా అని నాలో నేనే అనుకునేవాణ్ణి. రెండు నెలల్లో మా పిల్ల నాతో మాట్లాడటం తగ్గించింది. బుద్ధి వస్తోంది అనుకున్నాను. నా మొహం!

ఎంపిక రోజు జిల్లా క్రీడల ఆఫీసరు వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టీచరమ్మ ఇంకా రాలేదు. భాల్కి, హుమ్నాబాద్ వైపు నుంచి కూడా పిల్లలు వచ్చారు. ఒక్కొక్కరూ చెయ్యి తిప్పి బంతి వదులుతుంటే రివ్వుమని పోతోంది. నాకు అర్థం కాలేదు. వీళ్లకెవరూ మెల్లగా వేయాలని చెప్పలేదా? మా పిల్ల వంతు వచ్చింది. మామూలుగా నిలబడే గీత దగ్గర నిలబడ్డదల్లా, నావైపు ఒకసారి చూసి, ఇంకా వెనక్కి, వెనక్కి, అరవై అడుగులు అయ్యేదాకా లెక్కపెట్టుకుని పోయింది. కుడిచేత్తో మెల్లగా వేసింది. బంతి దొర్లుకుంటూ వచ్చి ఆఫీసరు చెప్పు దగ్గర ఆగింది.

ఆయన దాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు. "ఏందిది? పెండ్లిల పూలచెండ్లాటనా? పెండ్లికొడుకేడి?"

మైదానమంతా నవ్వింది. పిల్లలు నవ్వారు, పిల్లల వెంట వచ్చినవాళ్లు నవ్వారు. మా పిల్ల ఏడవలేదు. పేర్ల జాబితాలో చిట్టచివర 'ఎక్స్‌ట్రా' అని రాశారు. అంటే ఎవరికైనా జ్వరం వస్తే తప్ప పనికిరాని పేరు.

ఇంటికొచ్చే దారంతా నేనే మాట్లాడాను. ఆఫీసరును తిట్టాను. ఆ టీచరమ్మను అంతకన్నా ఎక్కువ తిట్టాను. బలం వద్దని రాసి పిల్లను ఆగం చేసింది, ఆమె ఉద్యోగం పీకించకపోతే నేను బీఏనే కాదు అన్నాను. మా పిల్ల సైకిలు వెనక నడిచి వచ్చింది.

సోమవారం టీచరమ్మ బెంగుళూరు నుంచి రాగానే చీటీ జేబులో పెట్టుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని బడికి పోయాను. టీచర్ల గదిలో అయిదారుగురు ఉన్నారు. ఆయా ఒకామె కుండలో నీళ్లు పోస్తోంది. నా ఉత్తరాల కన్నడంలో మొదలుపెట్టాను గానీ కోపానికి ఆ కన్నడం చాల్లేదు. తెలుగులోకి దిగాను. చీటీని బల్లమీద కొట్టి, "నువ్వే రాస్తివి గద బల బేడ అని! బలం లేకుంట ఏస్తె నవ్విరి గద! నా బిడ్డ ఉసురు ఎవరికి తగల్తది?" అన్నాను.

టీచరమ్మ చీటీ చూసింది. నన్ను చూసింది.  తర్వాత ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు తన కుడిచెయ్యి ఎత్తింది.

"ఇదు బల."

ఎడమచెయ్యి ఎత్తింది.

"ఇదు ఎడ."

నీళ్లు పోస్తున్న ఆయాకు నవ్వు ఆగలేదు. "అయ్యో సారూ! అమ్మ పొద్దుగాల పొద్దుగాల పిల్లలతోని కవాతు చేపిస్తది గద, 'ఎడ-బల, ఎడ-బల' అని! గల్లీ అంతటికి ఇనవడ్తది."

వినబడుతుంది. నాకూ వినబడుతుంది. రోజూ ఆఫీసుకు ఆ బడి ముందు నుంచే సైకిలు మీద పోతాను. 'ఎడ-బల, ఎడ-బల' అని రెండొందల మంది పిల్లలు అరుస్తుంటే అదేదో పాట అనుకున్నాను. మూడు ముక్కల చీటీ. కుడిచెయ్యి వద్దు. ఎడమచేత్తో వేయించండి. రోజుకు నూరు. ఆమె అడిగింది అంతే. మా పిల్ల అసలు చేతిని మాకు చీటీ రాసి మరీ చూపించింది. నేను ఆ చేతిని కట్టేసి, లేని చేత్తో, లేని బలంతో, లేని దూరం నుంచి రెండు నెలలు నూరేసి చొప్పున వేయించాను.

టీచరమ్మ పిల్లను పిలిపించింది. ఇలా వేయమని నీకెవరు చెప్పారని కన్నడంలో అడిగింది. అంత మాత్రం కన్నడం నాకు అర్థమైంది. మా పిల్ల నావైపు చూడలేదు. గోడవైపు చూసి చెప్పింది.

"నానే, మిస్."

నేనే, మిస్. నా ఎదురుగానే, నన్ను కాపాడటానికి అబద్ధమాడింది. నాకు ఎంత మండిందో చెప్పలేను. దాని మీద కాదు. ఆ అబద్ధాన్ని నోరు మూసుకుని తీసుకున్న నా మీద. 'కాదు, నేను' అని ఆ గదిలో అనలేకపోయాను. కోటు సవరించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద పడ్డాను. "నీకు తెల్సా, బల అంటె కుడి అని?"

"తెల్సు. కూరగాయలమ్మే కన్నడపామె దినాం అంటనే ఉంటది. బిడ్డ గూడ జెప్పవట్టె గద. పొయ్యికాడ కూసోని ఇన్న."

"ఇంటె నువ్వన్న చెప్పొద్దా?"

"నేను బీఏ పాసైన్నా?" అంది, రొట్టె తిప్పుతూ.

ఆ సాయంత్రం పిల్లను వెనక జాగాలోకి పిలిచాను. క్షమించమని కూతురిని అడగడం మా ఇళ్లలో ఎవరికీ అలవాటు లేదు.  బంతి తీసి దాని ఎడమచేతిలో పెట్టాను. అరుగు మీంచి మా అమ్మ, "పుర్రచేతికిస్తున్నవా, ఛీ!" అంది.

"నువ్వు లోపలికి పో అమ్మా!" అని అరిచాను. నా జన్మలో మా అమ్మ మీద అరవడం అదే మొదలు. ఆమె ముక్కున వేలేసుకుని కూర్చుంది గానీ లేవలేదు.

పిల్ల ఈసారి వెనక్కి పోకుండా, బడి మైదానంలో గీత ఉన్నంత దూరంలోనే నిలబడింది. నేను గోడ దగ్గర పాత బొంతను నాలుగు మడతలు వేసి రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఎయ్యి బిడ్డా."

వేయలేదు. బంతిని చూస్తూ నిలబడింది. అప్పుడు మాట్లాడింది.

"రెండు నెల్లు నాయినా. మెల్లగ మెల్లగ అంటివి. నేను జెప్పిన."

"జెప్పినవ్."

"ఎనిమిదే జదివినవ్ అంటివి."

"అన్న."

చెయ్యి గిర్రున తిరిగింది. బంతి కనబడలేదు. బొంతలో దిగి నా అరచెయ్యి మండింది. ఇంకోటి. ఇంకోటి. ఒకటి గోడకు తగిలి పాత గారపెచ్చు ఊడిపడింది. ఒకటి నా మోకాలికి తగిలింది. కొన్ని ఎటో పోయాయి, మా అమ్మ అరుగు మీంచి లోపలికి పరిగెత్తింది. ఇంతకాలం మింగిన కోపమంతా ఆ చేతిలోంచి వస్తోంది, ప్రతిదీ నన్ను చూసే వస్తోంది. ఆపమనలేదు. ఆ రోజు చింతగింజలు లెక్కపెట్టలేదు.

మర్నాడు నా కుడి బొటనవేలు వంకాయలా వాచింది. కలం పట్టలేక ఎడమచేత్తో సంతకం చేస్తే హెడ్‌క్లర్కు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "బీఏ సాబ్, గిదేం భాష?" అన్నాడు. చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల కింద ప్రతి మనిషినీ ఆపి కబురు చెప్పినవాణ్ణి, నోరు కుట్టుకుని తిరిగాను.

బడిలో ఉన్న నాలుగు తోలు తొడుగులూ ఎడమచేతికి పెట్టుకునేవే. కుడిచేత్తో వేసే పిల్లలు ఎడమచేత్తో బంతి పట్టుకుంటారు కదా. మా పిల్లకు కుడిచేతి తొడుగు కావాలి. అది ఏ దుకాణంలోనూ లేదు. టాంగా గుర్రాలకు జీన్లు కుట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. "సీదే హాత్ కా, ఉల్టే హాత్ కా?" అని ఆయన నన్నడిగాడు.  "దాన్నే అడుగు" అన్నాను. పిల్ల కుడిచెయ్యి చాపింది. గుర్రం తోలుతో ఆయన కుట్టిచ్చిన తొడుగు నెల రోజులు లాయం వాసన కొట్టింది.

టీచరమ్మ ఆఫీసరుతో ఏం మాట్లాడిందో తెలియదు గానీ, జట్టు గుల్బర్గా పోవడానికి నాలుగు రోజుల ముందు ఎక్స్‌ట్రా పిల్లలను ఇంకొకసారి చూస్తానన్నాడాయన. అదే కుర్చీ. చేతిలో చాయ్ గ్లాసు. మా పిల్లను చూసి, "పూలచెండు వచ్చిందా?" అన్నాడు. నాకు ఒళ్లంతా కాలింది. నేను మైదానం అవతల కంచె పట్టుకుని నిలబడ్డాను. ఆరోజు నేను నోరు తెరవనని నాతో నేను ఒట్టు పెట్టుకున్నాను.

మొదటి బంతి ఎటో పోయింది. ఆఫీసరు కుర్చీ కాలికి తగిలి చాయ్ ఆయన ప్యాంటు మీద ఒలికింది. ఎవరూ నవ్వలేదు. రెండోది నేలకు తగిలింది. మూడోదానికి కట్టె పట్టుకున్న పిల్ల ఊపేలోపే బంతి వెనకున్న పిల్ల తొడుగులో చప్పుడు చేసింది. నాలుగోది అంతే. అయిదోది అంతే. ఇంకో పిల్లను నిలబెట్టారు, ఆ పిల్ల కట్టె కూడా గాలినే కొట్టింది.

ఆఫీసరు ప్యాంటు తుడుచుకుంటూ లేచి టీచరమ్మతో అన్నాడు. "బల ఇదె. బరలి."

 మళ్లీ బల! పిల్ల వేసింది ఎడమచేత్తో కదా! ఈయన కుడి అంటున్నాడేంటి? ఒట్టు గాలికి పోయింది. కంచె దాటి మైదానంలోకి పోయాను. ఆఫీసరు దగ్గరికి కాదు, పిల్ల దగ్గరికి.

"ఏమన్నడు బిడ్డా? బల అంటె ఏంది గిప్పుడు? నాకు తెల్వది. నువ్వు జెప్పు."

అది తొడుగు తీసి చంకలో పెట్టుకుంది. రెండు నెలల తర్వాత నా కళ్లలోకి చూసింది.

"గిది నీ బలమే నాయినా" అంది. "కన్నడంల రెండిట్లకు గదే మాట. జోరు ఉన్నది, రానియ్యి అన్నడు."

రెండిట్లకూ అదే మాటట! అంటే నేను చదివింది పూర్తిగా తప్పు కూడా కాదన్నమాట. ఇది విని నేను సంతోషపడాలా? ఇంకా మండింది. సగం తెలిసినవాడు ఏమీ తెలియనివాడికంటే ఎంత చెరుపు చేస్తాడో అప్పుడు అర్థమైంది. అందరి ముందూ టీచరమ్మ దగ్గరికి పోయి, తెలుగులోనే చెప్పాను. "గా పొద్దు నా బిడ్డ నానే అన్నది గద మిస్, అబద్ధం. మెల్లగ ఎయ్యమన్నది నేను. పుర్రచెయ్యి ఆపింది నేను." ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. పక్కనున్న ఆయా కన్నడంలోకి మార్చి చెప్పింది, కొంచెం ఎక్కువే కలిపి.

తండ్రి ఒప్పుకోలు కాగితం ఇచ్చారు, గుల్బర్గా పంపడానికి. నిండా కన్నడం. సర్కారీ కన్నడం, నాకు గడగడా వచ్చేదే. జేబులోంచి కలం తీశాను గానీ కాగితం పిల్లకిచ్చాను.

"చదువు."

ఒక్కో ముక్క చదివి తెలుగులో చెప్పింది. అయ్యాక సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాను.

"బలక్కె" అంది. నేను చూస్తూ నిలబడితే, ఇంకా వాపు తగ్గని నా బొటనవేలును మెల్లగా పట్టుకుని కాగితం మీద కుడి పక్కకు జరిపింది.